తెల్ల కాగితం మీద మోదుగ పువ్వు

రత్నగంధి మొక్క లేని ఊరు మనకు దాదాపు ఉండదు. ఎర్రటి రేకులు, వాటికి పసుపు అంచు, మధ్యలోంచి మీసాల్లా పొడుచుకొచ్చే పొడవాటి కేసరాలు. ఇంటి గేటు పక్కన, బడి ఆవరణలో, బస్టాండు వెనకాల ఎక్కడైనా పెరుగుతుంది. నీళ్ళు పోసినా పోయకపోయినా పూస్తుంది. ఇంట్లోవాళ్ళు నాలుగు పూలు కోసి దేవుడి పటానికి పెడతారు. ఈ పువ్వుకు ఇంతకు మించి అర్థం ఏముంటుందని అనుకునేవాణ్ణి, 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ఒక బొమ్మ గురించి తెలిసేదాకా.

ఆ బొమ్మ వేసింది మరియా సిబిల్లా మేరియన్. 1699లో, 52 ఏళ్ళ వయసులో, చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని ఆమె దక్షిణ అమెరికాలో డచ్చివాళ్ళ వలస అయిన సురినామ్‌కు ఓడెక్కింది. రెండేళ్ళు అక్కడ అడవుల్లో, చెరకు తోటల్లో తిరిగింది. ఏ పురుగు ఏ మొక్క మీద బతుకుతుందో ఓపికగా చూసి రంగుల్లో దించింది. తిరిగొచ్చాక 60 చిత్రాలతో పుస్తకం వేసింది. అందులో 45వది మన రత్నగంధి. పూల కొమ్మ, దాని మీద బతికే గొంగళిపురుగు, రెక్కలు విప్పిన చిమ్మట. చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది.

పక్కనే మేరియన్ రాసిన నాలుగు మాటలు ఉంటాయి. డచ్చి యజమానుల దగ్గర బానిసలుగా బతుకుతున్న అక్కడి ఆదివాసీ ఆడవాళ్ళు ఈ గింజలతో కడుపు పోగొట్టుకుంటున్నారనీ, తమ పిల్లలు తమలా బానిసలు కాకూడదనే అలా చేస్తున్నారనీ రాసింది. ఆఫ్రికా నుంచి తెచ్చిన ఆడవాళ్ళు కొందరు ప్రాణాలే తీసుకుంటున్నారనీ, చనిపోయాక సొంత గడ్డ మీద స్వేచ్ఛగా మళ్ళీ పుడతామని వాళ్ళ నమ్మకమనీ రాసింది. ఈ సంగతి వాళ్ళ నోటి నుంచే విన్నానని కూడా చెప్పింది.

అది చదివాక మళ్ళీ బొమ్మ వైపు చూస్తే రేకులు అవే, ఎరుపు అదే. గీసిన గీతల్లో దుఃఖం జాడ ఎక్కడా లేదు. పాత పూల చిత్రాల దగ్గర మనకు పడే చిక్కుముడి ఇదే. అర్థం రేకుల్లో ఉందా? పక్కనున్న మాటల్లో ఉందా? చూసేవాళ్ళ మనసులో ఉందా?

నెట్‌లో వెతికితే సులువైన జవాబు దొరుకుతుంది. గులాబీ అంటే ప్రేమ, లిల్లీ అంటే పవిత్రత, గసగసాల పువ్వంటే నిద్ర అంటూ పట్టికలు కనిపిస్తాయి. ఈ పట్టికల్లో చాలావాటి వయసు రెండు వందల ఏళ్ళే. 1819లో పారిస్‌లో పూల భాష మీద ఒక పుస్తకం వచ్చి బాగా అమ్ముడుపోయింది. దాన్ని చూసి ఇంగ్లండులోనూ ఇతర దేశాల్లోనూ అలాంటివి బోలెడు పుట్టుకొచ్చాయి. ఆ జాబితా పట్టుకెళ్ళి 1500 నాటి బొమ్మకో 1620 నాటి బొమ్మకో తగిలిస్తే దారి తప్పుతాం. ఏ బొమ్మకు ఆ బొమ్మను, అది పుట్టిన చోట పెట్టి చూడాలి.

యూరప్‌లో మొదట చర్చి దగ్గర మొదలుపెట్టాలి. 1470-80లలో లియొనార్డో డావిన్చీ వేసిన తెల్ల లిల్లీ ఒకటి ఇంగ్లండు రాజవంశం సేకరణలో, విండ్సర్‌లో ఉంది. కలంతో గీసి, పల్చగా రంగు పూసిన బొమ్మ అది. ఆ గీతల వెంట సూదితో పొడిచిన సన్నని చిల్లులు ఉన్నాయి. మన దగ్గర మగ్గం వర్క్ చేసేవాళ్ళు ట్రేసింగ్ కాగితానికి చిల్లులు పొడిచి, పైన పొడి రుద్ది, డిజైన్‌ను జాకెట్టు గుడ్డ మీదికి దించుతారు కదా, అదే పద్ధతి. ఆ లిల్లీని మరో చిత్రంలోకి దించడానికి పొడిచిన చిల్లులు అవి. అప్పటి క్రైస్తవ చిత్రాల్లో తెల్ల లిల్లీ కన్య మరియకు గుర్తు. దేవదూత వచ్చి ఆమెకు కబురు చెప్పే దృశ్యంలో చిత్రకారులు ఆ పువ్వును సాధారణంగా వేసేవారు. అయితే లియొనార్డో కాగితం మీద ఉన్నది నిజంగా మొక్కను ఎదురుగా పెట్టుకుని చూసిన కన్ను. రేకు ఎక్కడ వెనక్కి వంగుతుందో, కాడ చుట్టూ ఆకులు ఎలా ఎక్కుతాయో అంతా ఉంది. ఒకే గీత ఒకపక్క పరిశీలన, ఇంకోపక్క ప్రార్థన.

అదే కాలంలో కొలంబైన్ అనే పువ్వును కూడా మత చిత్రాల్లో తరచుగా వేశారు. దాని రేకులు తలలు దగ్గరగా పెట్టుకుని కూర్చున్న పావురాల్లా కనిపిస్తాయి. పేరు కూడా లాటిన్‌లో పావురం అనే మాట నుంచే వచ్చింది. క్రైస్తవంలో పావురం అంటే పరిశుద్ధాత్మ. అందుకని ఒక చిత్రంలో లెక్కగా ఏడు కొలంబైన్ పూలు కనిపిస్తే, పరిశుద్ధాత్మ ఇచ్చే ఏడు వరాలని అప్పటివాళ్ళకు ఇట్టే అర్థమయ్యేది. మనకు ఇది వింతేమీ కాదు. నాగలింగం పువ్వులో పడగ కింద లింగం కనిపిస్తుంది కాబట్టే అది శివుడి పువ్వయింది, శివాలయాల్లో చెట్టు నాటుతున్నాం. ఆ చెట్టు సొంత ఊరు దక్షిణ అమెరికా, అదీ సురినామ్ చుట్టుపక్కల ప్రాంతమే. ఆకారం చూసి భక్తితో అర్థం కట్టుకోవడానికి పువ్వు మన మట్టిలోనే పుట్టి ఉండాల్సిన పనిలేదు.

ఇదంతా తెలిశాక ప్రతి ఆకులోనూ ఏదో ఒకటి వెతకాలనిపిస్తుంది. నేనూ ఆ దారిలో కొంతదూరం వెళ్ళి వెనక్కి వచ్చాను. జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెష్ట్ డ్యూరర్ 1503లో ఒక పచ్చిక పెళ్ళను నీటిరంగుల్లో వేశాడు. వియన్నాలోని అల్బెర్టినా మ్యూజియంలో ఉంది. గడ్డి పరకలు, కలుపు మొక్కలు, ముడుచుకుపోయిన డాండెలయన్ పూలు, కింద తడి మట్టి, అందులోకి దిగిన వేర్లు. వీటికీ మతపరమైన అర్థాలు చెప్పినవాళ్ళున్నారు. నాకు మాత్రం పొలం గట్టు మీద బోర్లా పడుకుని, గడ్డిని గడ్డిగా చూసినవాడి ఆశ్చర్యమే కనిపిస్తుంది. ప్రతిదాన్నీ సంకేతం చేసేస్తే ఆ ఆశ్చర్యానికి చోటుండదు.

ఇక మన దేశానికి వద్దాం. 1620 వసంతంలో జహంగీర్ కాశ్మీరులో ఉన్నాడు. అక్కడి పూలు లెక్కకు అందవనీ, తన ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ వేసినవే నూటికి పైగా ఉన్నాయనీ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మన్సూర్‌కు ఆయన ఇచ్చిన బిరుదు నాదిర్ ఉల్ అస్ర్, అంటే ఆ కాలానికే అబ్బురం. ఆ వందలో మనకు మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో పేరున్నది ఎర్ర ట్యులిప్. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ గ్రంథాలయంలో ఉంది.

ఫార్సీలో ట్యులిప్‌ను లాలా అంటారు. కవిత్వంలో లాలా అంటే ప్రేమలో కాలిన గుండె. పైన రక్తం లాంటి ఎరుపు, లోపల అడుగున నల్లటి మచ్చ, ఆ మచ్చే కాలిన గాయం. ఒట్టోమాన్ తుర్కులకు ఆ పువ్వు మీద ఇంకో భక్తి కూడా ఉండేది. లాలాను వాళ్ళు లాలే అంటారు. అరబ్బీ లిపిలో లాలే అనే మాటకూ అల్లా అనే మాటకూ అక్షరాలు అవే. ఆ లిపిలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది, కూడితే రెండు మాటల విలువా ఒకటే, 66. ఫార్సీ కవిత్వం కంఠతా వచ్చిన సభలో ఎర్ర ట్యులిప్ బొమ్మ చేతులు మారుతుంటే, దాన్ని ఉత్త మొక్కగా చూడటం ఎవరివల్లా అయ్యుండదు. మన్సూర్ మాత్రం పద్యానికి బొమ్మ వేయలేదు. కాశ్మీరు నేలలో తను చూసిన పువ్వును వేశాడు. ఆ రెండూ ఒకే కాగితం మీద గొడవపడకుండా ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పూల చిత్రం అదే.

ఆ ట్యులిప్ పువ్వే పదిహేనేళ్ళ తర్వాత హాలెండులో పూర్తిగా వేరే అర్థం మోసింది. అక్కడ ట్యులిప్ దుంపల ధరలు ఆకాశానికి అంటాయి. పువ్వు పూసేది వసంతంలో కొద్ది రోజులే, మిగతా కాలమంతా దుంప మట్టిలోనే ఉంటుంది. బేరం మాత్రం చలికాలంలో కూడా సాగేది. కొనేవాడికి చూపించడానికి ఏముంది? బొమ్మే ఉంది. వర్తకులు చిత్రకారుల చేత ఒక్కో రకాన్నీ నీటిరంగుల్లో వేయించి ఆల్బమ్‌లుగా కట్టించుకున్నారు. కొన్నిటిలో పువ్వు కింద పేరు, దుంప బరువు, ధర కూడా రాసి ఉంటాయి. లేఅవుట్ బ్రోచర్ చూసి ప్లాటుకు అడ్వాన్స్ ఇచ్చినట్టన్నమాట. ఆ ఆల్బమ్‌లలో ట్యులిప్ భక్తికీ గుర్తు కాదు, ప్రేమకూ గుర్తు కాదు, ఇంకా పూయని పువ్వు మీద ఇచ్చిన మాట. 1637 ఫిబ్రవరిలో బజారు కుప్పకూలింది. ఆ తర్వాత డచ్చి చిత్రాల్లో అదే పువ్వు మనిషి దురాశకు, నిలవని సంపదకు గుర్తుగా మారిపోయింది.

ఇందులో మనసు పట్టేసే సంగతి ఇంకోటుంది. ఎక్కువ ధర పలికినవి తెల్ల రేకుల మీద ఎర్రటి మంట చారలున్న ట్యులిప్‌లు. ఆ చారలు ఒక వైరస్ తెగులు వల్ల వస్తాయని 1920ల చివర్లో గానీ తేలలేదు. పేనుబంక పురుగులు దాన్ని అంటిస్తాయి, దుంప ఏటికేడు నీరసిస్తుంది. అంటే ఆ చిత్రకారులు సన్నని కుంచెతో అంత శ్రద్ధగా దిద్దిన అందం ఒక జబ్బు లక్షణం. వాళ్ళకు తెలియకుండానే దాన్ని ఉన్నదున్నట్టు నమోదు చేశారు.

18వ శతాబ్దానికి వచ్చేసరికి పూల బొమ్మకు కొత్త యజమాని దొరికాడు, శాస్త్రం. స్వీడన్‌కు చెందిన లిన్నేయస్ పువ్వులో కేసరాలు ఎన్నో లెక్కపెట్టి మొక్కలను 24 తరగతులు చేశాడు. గియోర్గ్ ఎరెట్ అనే చిత్రకారుడు 1736లో ఆ తరగతులను ఒక్క కాగితం మీద బొమ్మలుగా వేసి చూపించాడు. అప్పటి నుంచి బొటానికల్ చిత్రం రూపమే మారింది. మధ్యలో కొమ్మ, కింద వరసలో కోసి విడదీసిన రేకు, కేసరం, అండాశయం, గింజ. వెనక ఏమీ లేదు, తెల్ల కాగితం. దేవదూత లేడు, రాజు తోట లేదు, ధర కూడా లేదు. ఇక్కడితో సంకేతాల కథ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే సామర్లకోట వెళ్ళాలి.

విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లండ్ డాక్టరు. ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు వచ్చి, 1781లో సామర్లకోట చేరాడు. అక్కడ తోట వేసి మిరియాలు, చెరకు లాంటివి పెంచి చూశాడు, చుట్టుపక్కల కొండలు, అడవులు తిరిగాడు. దేశీ చిత్రకారులను జీతానికి పెట్టుకుని, తెచ్చిన ప్రతి మొక్కనూ నీటిరంగుల్లో వేయించాడు. 1793లో కలకత్తా వెళ్ళాక కూడా ఆ పని ఆగలేదు. మొత్తం 2,500కు పైగా బొమ్మలయ్యాయి. కోరమాండల్ తీరపు మొక్కల పేరుతో 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాల్లో 300 చిత్రాలు అచ్చు వేశారు. రాక్స్‌బర్గ్ రాతల్లో మొక్కల తెలుగు పేర్లు అడుగడుగునా కనిపిస్తాయి. ఆ రోజుల్లో తెల్లవాళ్ళు తెలుగును తెలింగ అనేవారు, ఆయనా అలాగే రాశాడు.

అందులో మోదుగ ఉంది. మోదుగ అంటే మనకేమిటో ఒక్కసారి గుర్తుచేసుకుందాం. మాఘం చివర, ఫాల్గుణంలో ఆకులన్నీ రాల్చేసి, మోడు కొమ్మల నిండా నారింజ ఎరుపు పూలతో నిలబడుతుంది. ఆదిలాబాద్ అడవుల్లో దూరం నుంచి చూస్తే మంట అంటుకున్నట్టే ఉంటుంది. ఆ పూలు నీళ్ళలో ఉడికించి హోలీకి రంగు చేస్తారు. మూడేసి ఆకుల్లో త్రిమూర్తులను చూస్తారు, ఉపనయనంలో వటువు చేతికి మోదుగ కర్ర ఇస్తారు, ఆకులు కుట్టి విస్తళ్ళు చేస్తారు. అన్నిటికన్నా ముందు అది కాలానికి గుర్తు. మోదుగ పూసిందంటే చలి పోయింది, ఎండలు మొదలు.

బొటానికల్ చిత్రం పద్ధతి ఆ కాలాన్నే తీసేస్తుంది. మొక్కను గుర్తుపట్టాలంటే పువ్వు ఒక్కటే చాలదు, ఆకు కావాలి, కాయ కావాలి, గింజ కావాలి. అందుకని చెట్టు మీద వేర్వేరు నెలల్లో కనిపించేవన్నీ ఒకే కాగితం మీదికి వస్తాయి. మోదుగ విషయంలో ఇది చిన్న మార్పు కాదు. ఆకు లేకుండా పూయడమే దాని గొప్ప. శాస్త్రానికి పనికొచ్చే మోదుగ ఏ రుతువులోనూ ఏ అడవిలోనూ ఉండదు, కాగితం మీదే ఉంటుంది. దీన్ని తప్పుపట్టడానికి చెప్పట్లేదు. ఆ పద్ధతి లేకపోతే సామర్లకోటలో చూసిన మొక్క లండన్‌లో ఉన్నవాడికి తెలిసే వీలే లేదు. కానీ ఆ తెల్ల కాగితానికీ ఒక అర్థం ఉంది. నేల, రుతువు, పండగ, దాన్ని వాడే మనుషులు పక్కకు జరిగాక మిగిలిన మొక్కను ఎక్కడికైనా పంపవచ్చు, ఎక్కడైనా పెంచవచ్చు, అమ్మవచ్చు. మోదుగ పూల రంగు గుడ్డకు ఎలా పడుతుందో, దాని బంక దేనికి పనికొస్తుందో రాక్స్‌బర్గ్ ప్రయోగాలు చేసి రాశాడు. కంపెనీకి కావలసింది కూడా అదే. మన్సూర్ ట్యులిప్ వెనక ఫార్సీ కవిత్వం ఉన్నట్టే, ఈ మోదుగ వెనక కంపెనీ ఖాతా పుస్తకం ఉంది.

ఆ ఖాతా ఎక్కువగా బయటపడేది బొమ్మ కింద రాసిన పేరులో. రత్నగంధికి లిన్నేయస్ 1753లో ఇచ్చిన పేరు పాయిన్సియానా పుల్చెరిమా. రెండో మాటకు అత్యంత అందమైనదని అర్థం. మొదటి మాట కరీబియన్ దీవుల్లో ఫ్రెంచి గవర్నరుగా చేసిన పాయిన్సీ పేరు. ఆ గింజల్లో బానిస ఆడవాళ్ళు విడుదల వెతుక్కున్నారు, ఆ మొక్క మాత్రం వలస పాలకుడి పేరు మోసింది. మోదుగకు దక్కింది బ్యూటియా, బ్రిటన్ ప్రధానిగా చేసిన బ్యూట్ ప్రభువు జ్ఞాపకార్థం. ఆయన మొక్కలంటే ప్రాణం పెట్టేవాడట, అయినా మోదుగకు ఆయన ఏమవుతాడు?

అక్కడక్కడా ఎదురుదారి కూడా ఉంది. జ్వరాలకు బెరడు వాడే సోమిద చెట్టును రాక్స్‌బర్గ్ వేయించాడు. తర్వాత దాని ప్రజాతికి, అంటే శాస్త్రీయ నామంలో మొదటి మాటకు, సోయ్‌మిడా అనే పేరు స్థిరపడింది. ప్రపంచంలో ఏ వృక్షశాస్త్రజ్ఞుడు ఆ చెట్టు పేరెత్తినా తెలుగు మాటే పలుకుతాడు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మరి ఆ బొమ్మలు వేసిన చేతుల మాటేమిటి? తెల్ల పువ్వును తెల్ల కాగితం మీద నిలబెట్టడం ఎంత కష్టమో కుంచె పట్టినవాళ్ళకు తెలుసు. రేకు చుట్టూ లేత బూడిద నీడ వేసి, రేకును కాగితంగానే వదిలేయాలి. నీడ కాస్త ముదిరితే పువ్వు వాడిపోయినట్టుంటుంది, తగ్గితే కనిపించదు. కోసిన పువ్వు వాడిపోయేలోపు అదంతా అయిపోవాలి. రాక్స్‌బర్గ్ చిత్రకారులు ఇవన్నీ చేశారు, అచ్చయిన పుస్తకంలో మాత్రం వాళ్ళ పేర్లు లేవు.

ఒక తరం తర్వాత కొంచెం మార్పు వచ్చింది. మద్రాసులో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ దగ్గర ఇద్దరు దక్షిణాది చిత్రకారులు వరసగా పనిచేశారు, రంగయ్య, గోవిందు. 1838 నుంచి 1853 దాకా వైట్ వేసిన ఆరు సంపుటాల్లో రెండు వేలకు పైగా చిత్రాలున్నాయి. చాలావాటి కింద, మూలన, చీమ తలకాయంత అక్షరాల్లో వీళ్ళ పేరు ఉంటుంది. వీళ్ళ చేతి నీటిరంగు బొమ్మలు వందల కొద్దీ ఈరోజుకీ ఎడిన్‌బరో బొటానిక్ గార్డెన్‌లో భద్రంగా ఉన్నాయి.

వైట్ ఇంకో పని చేశాడు. ఒక నేల ఆర్కిడ్‌ను కొత్త ప్రజాతి అనుకుని, దానికి తన చిత్రకారుడి పేరు పెట్టాడు, గోవిందూయా. గవర్నర్లకూ ప్రభువులకూ దక్కే చోట ఒక దేశీ కుంచె పనివాడి పేరు. తర్వాతి శాస్త్రజ్ఞులు పరిశీలించి, అది అంతకుముందే పేరున్న ట్రోపిడియా అనే ప్రజాతిలోదే అని తేల్చారు. నియమం ప్రకారం ముందు పెట్టిన పేరే నిలిచింది. ఇప్పుడు లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే వృక్షశాస్త్ర తోట వాళ్ళ ఆన్‌లైన్ మొక్కల జాబితాలో ట్రోపిడియా పేజీ తెరిచి కిందికి జరుపుకుంటూ వెళితే, చెల్లని పాత పేర్ల వరసలో గోవిందు కనిపిస్తాడు.